ఎవరైనా చేయొచ్చు, నేను మాత్రం చేయను: ఉద్యోగాల గురించి పిల్లల లెక్కలు

ఐదారేళ్ల పిల్లలకు ఓ చిన్న సినిమా చూపించారు. డాక్టరు దగ్గరికి వెళ్లడం గురించిన సినిమా. అందులో ఒక డాక్టరు, ఒక నర్సు ఉంటారు. ఒకే కథను నాలుగు రకాలుగా తీశారు: కొందరు పిల్లలు చూసినదాంట్లో డాక్టరు మగ, నర్సు ఆడ. కొందరు చూసినదాంట్లో డాక్టరు ఆడ, నర్సు మగ. మిగతా రెండింట్లో ఇద్దరూ ఆడవాళ్లే, లేదా ఇద్దరూ మగవాళ్లే. సినిమా అయిపోగానే డాక్టరు ఎవరు, నర్సు ఎవరు అని అడిగారు. మగ డాక్టరునీ ఆడ నర్సునీ చూసినవాళ్లు తడుముకోకుండా చెప్పేశారు. ఆడ డాక్టరునీ మగ నర్సునీ చూసినవాళ్లలో చాలామంది మాత్రం తారుమారు చేశారు. ఆయన డాక్టరు, ఆవిడ నర్సు అన్నారు. అమెరికాలో జరిగిన ఈ ప్రయోగం 1979లో అచ్చయింది.

ఆ పిల్లల చూపు బాగానే ఉంది, వాళ్లు అబద్ధమూ ఆడలేదు. చూసినదాన్ని జ్ఞాపకమే సవరించుకుంది.

ఇది చదవగానే, అంత చిన్న బుర్రల్లో అప్పుడే వివక్ష నాటుకుపోయిందని తేల్చేయబుద్ధి అవుతుంది. కానీ పిల్లలు ఉద్యోగాల్ని ఎలా చూస్తారన్న దాని మీద దశాబ్దాలుగా వచ్చిన పరిశోధనల్ని పక్కపక్కన పెడితే అవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ పిల్లలు ఉదారంగా ఆలోచిస్తారని కొన్ని చెబుతాయి. వయసుతోపాటే మూస అభిప్రాయాలు ముదురుతాయని మరికొన్ని. రెండూ నిజమే. అవి కొలిచిన సంగతులు వేరు, అంతే.

మనం ఒకే మూటగా కట్టేస్తున్నవి నిజానికి మూడు. ఏ పనిని లోకం ఎవరికి అంటగట్టిందో తెలియడం ఒకటి. ఎవరు ఏ పని చేయొచ్చు, ఎవరు చేయకూడదు అని తీర్పు చెప్పడం రెండోది. తనకు తానుగా ఏం కోరుకుంటున్నారన్నది మూడోది. ఈ మూడూ ఒకే వేగంతో ఎదగవు, ఒకే దిక్కుకు కూడా వెళ్లవు. పిల్లల విషయంలో పెద్దవాళ్లు బోల్తా పడేది ఎక్కువగా ఇక్కడే.

ఐదేళ్లప్పటి పిడివాదం

మూడేళ్లు దాటేసరికి చాలామంది పిల్లలకు ఎవరు ఆడ, ఎవరు మగ అన్నది తెలుస్తుంది. ఏ పనులు ఎవరివని జనం అనుకుంటారో కూడా బడికి వెళ్లకముందే పట్టేస్తారు. అయితే వాళ్లకు ఇంకా గట్టిగా తెలియనిది ఒకటుంది. జుట్టు కత్తిరించుకున్నా, బట్టలు మార్చుకున్నా, ఆటబొమ్మలు మార్చుకున్నా తాను ఆడో మగో మారిపోనని. ఆ స్థిరత్వం పూర్తిగా అర్థమయ్యేది ఆరేడేళ్లకే అని మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లో వాదించాడు. కచ్చితంగా ఏ వయసులో అన్నదాని మీద తర్వాత చర్చలు నడిచాయి గానీ, ఆ వాదన చూపించిన దారి ఉపయోగపడింది. లోపలి సంగతి ఇంకా తేలనప్పుడు పిల్లలు పైకి కనిపించే గుర్తుల్నే పట్టుకుంటారు. పొడుగు జుట్టు, గౌను, బొమ్మ, ఉద్యోగం, అన్నీ ఆ గుర్తులే.

అందుకే ఐదేళ్ల పిల్ల అంత ఖరాకండిగా మాట్లాడుతుంది. తల్లి స్వయంగా కారు నడిపి బడి దగ్గర దించినా, డ్రైవర్లంటే మగాళ్లే అంటుంది. ‘మరి అమ్మ?’ అంటే ‘అమ్మ డ్రైవర్ కాదు, అమ్మ’ అంటుంది. తల్లిదండ్రులు గాబరాపడే సందర్భం ఇది. ఇంట్లో ఎప్పుడూ ఇలాంటి మాట అనలేదే, ఎక్కడ నేర్చిందబ్బా అనుకుంటారు. నిజానికి కొత్తగా ఆట నేర్చుకున్నవాడు నియమాల్ని ఎంత పట్టుదలగా పాటిస్తాడో ఈ పిడివాదమూ అలాంటిదే. జర్మనీలో హాన్స్ మార్టిన్ ట్రౌట్నర్ బృందం ఒకే పిల్లల్ని చిన్న తరగతుల నుంచి పదేళ్ల వయసుదాకా గమనించి 2005లో ఫలితాలు ప్రకటించింది. మూస అభిప్రాయాల బిగువు ఐదారేళ్ల దగ్గర పతాక స్థాయికి చేరి, తర్వాత సడలుతూ వచ్చింది. మొదట బాగా బిగుసుకున్న పిల్లలు, అంతగా బిగుసుకోని పిల్లలు చివరికి దాదాపు ఒకే చోటికి వచ్చారు.

కాబట్టి ఐదేళ్ల పిల్ల మాటకు హడలిపోనక్కర్లేదు. పదేళ్ల పిల్ల మాటకు మురిసిపోనూ అక్కర్లేదు. ‘అమ్మాయిలు పైలట్లు కావచ్చా?’ అంటే పదేళ్లప్పుడు ఠక్కున ‘కావచ్చు’ అంటారు. ‘నువ్వు అవుతావా?’ అని అడిగితే కథ మారుతుంది. లిన్ లిబెన్, రెబెకా బిగ్లర్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో ఈ రెండు ప్రశ్నల్నీ విడదీసి కొలిచే పద్ధతి తయారుచేశారు. ఇతరుల గురించి పిల్లలు ఎంత ఉదారంగా ఆలోచించినా, తమ సొంత ఇష్టాలు అదే మోతాదులో మారడం లేదని ఇలాంటి కొలతల్లో తేలింది. సభలో అందరూ ఒప్పుకుని, ఇంటికెళ్లి ఎవరి పద్ధతి వాళ్లు పాటించే పెద్దవాళ్లకు ఇదేమీ వింతగా అనిపించకూడదు.

ఎంచుకోవడం కాదు, కొట్టేయడం

పెద్దయ్యాక ఏమవుతావని పిల్లల్ని అడిగేటప్పుడు వాళ్లు ఎంచుకుంటున్నారని అనుకుంటాం. మనస్తత్వవేత్త లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో దీన్ని తలకిందులు చేసింది. పిల్లలు చేసేది ఎంపిక కంటే ముందు తీసివేత అంది. ఆమె చెప్పిన వరుస ఇది: మూడు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లలకు లోకమంటే చిన్నా పెద్దా తేడానే. పెద్దవాళ్లకు బలం ఉంటుంది, పెద్దవాళ్లకు ఉద్యోగాలుంటాయి. రాక్షసుడు, దేవత, బుల్డోజరు ఇవన్నీ జాబితాలోంచి పోయి మనుషులు చేసే పనులు మిగిలేది అప్పుడే. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఆడపని, మగపని అన్న గీత పడుతుంది. గీతకు అవతలి పక్కవి కొట్టేస్తారు. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య పరువు లెక్కలోకి వస్తుంది. ఏ ఉద్యోగానికి జనం లేచి నిలబడతారో, దేనికి మొహం చిట్లిస్తారో కనిపెడతారు. మరీ తక్కువనిపించినవి కొట్టేస్తారు, తమ స్తోమతకు అందవనుకున్నవి కూడా కొట్టేస్తారు. నాకేం ఇష్టం, నాకేం చేతనవును అన్న ఆలోచన పద్నాలుగేళ్లు దాటాకే గట్టిగా మొదలవుతుంది.

ఆ వరుసను ఇంకోసారి చూడండి. ఇష్టం, సామర్థ్యం చివర వచ్చాయి. అవి వచ్చేసరికి జాబితాలో మిగిలింది కాస్తే. పైగా ఒకసారి కొట్టేసిన దాన్ని పిల్లలు తమంతట తాము మళ్లీ తెరిచి చూడరు. బయటినుంచి ఎవరో, ఏదో ఆ పని చేయించాలి. పదో తరగతిలో కెరీర్ గైడెన్స్ పెట్టి, నీ అభిరుచులేమిటో రాయి అంటే, ఆ పిల్లాడు మిగిలిన నాలుగింట్లోంచే రాస్తాడు. అవే తన అభిరుచులని మనస్ఫూర్తిగా నమ్ముతాడు కూడా.

ఈ సిద్ధాంతాన్ని వేదవాక్యంగా తీసుకోనక్కర్లేదు. రాజీ పడాల్సి వచ్చినప్పుడు మనుషులు ముందు ఇష్టాన్ని, తర్వాత పరువును వదులుకుంటారని, ఆడపని మగపని గీతను మాత్రం చివరిదాకా వదలరని గాట్‌ఫ్రెడ్‌సన్ మొదట్లో చెప్పింది. తర్వాతి పరీక్షల్లో ఆ వరుస అంత కచ్చితంగా నిలబడలేదు. వయసు గీతలు కూడా పిల్లల్ని బట్టి అటూ ఇటూ జరుగుతాయి. అయినా ‘కొట్టేయడం’ అన్న ఆలోచన మాత్రం నిలిచింది. నా మటుకు నాకు ఈ రంగంలో వచ్చిన వాటన్నింటిలోకీ ఎక్కువ ఉపయోగపడేది అదే. ఒక పిల్ల ఏం కోరుకుంటోందన్న దానికంటే, ఏది కోరుకోవడం ఎప్పుడు మానేసిందన్నది ఎక్కువ చెబుతుంది.

ఆరేళ్లకు వచ్చే అనుమానం

ఉద్యోగం పేరు ఎత్తకుండానే ఈ కొట్టివేత మొదలవుతుందని చూపించినవాళ్లు లిన్ బియాన్, సారా-జేన్ లెస్లీ, ఆండ్రే చింపియన్. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన వాళ్ల అధ్యయనంలో పిల్లలకు ఒక మనిషి గురించి చెప్పారు. ఆ మనిషి ‘చాలా చాలా తెలివైన’ మనిషి. ఆడో మగో చెప్పలేదు. తర్వాత కొన్ని ఫొటోలు పెట్టి, ఇందులో ఆ మనిషి ఎవరై ఉంటారో చూపించమన్నారు. ఐదేళ్ల అబ్బాయిలు మగవాళ్లను చూపించారు, ఐదేళ్ల అమ్మాయిలు ఆడవాళ్లను చూపించారు. ఎవరికి వాళ్లే గొప్ప. ఆరేడేళ్ల దగ్గరికి వచ్చేసరికి అబ్బాయిల ధీమా అలాగే ఉంది, అమ్మాయిలది తగ్గిపోయింది.

తర్వాత రెండు ఆటలు చూపించారు. ఒకటి చాలా తెలివైన పిల్లల కోసం, ఇంకొకటి బాగా కష్టపడే పిల్లల కోసం అని చెప్పారు. కష్టపడేవాళ్ల ఆట మీద ఆరేడేళ్ల అమ్మాయిలకూ అబ్బాయిలకూ సమానంగా ఆసక్తి ఉంది. తెలివైనవాళ్ల ఆట దగ్గర మాత్రం అమ్మాయిలు వెనక్కి తగ్గారు. ఐదేళ్ల పిల్లల్లో ఈ తేడా కనిపించలేదు. అన్నిటికంటే ఆలోచించాల్సింది ఇంకోటి: బడిలో మంచి మార్కులు ఎవరికొస్తాయని అడిగితే ఆ అమ్మాయిలే అమ్మాయిలకని చెప్పారు. మార్కులకూ తెలివికీ సంబంధం ఉందని వాళ్లు అనుకోవడం లేదు. మార్కులు కష్టపడితే వస్తాయి. తెలివి ఇంకేదో, అది ఎవరికో ఉంటుంది.

ఇది చిన్నపిల్లల చాదస్తంగా మిగిలిపోతే బాధ లేదు. లెస్లీ, చింపియన్, మరికొందరు 2015లో పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం దీని పక్కన పెట్టి చూడాలి. పుట్టుకతో వచ్చే అసాధారణ ప్రతిభ ఉంటే తప్ప రాణించలేమని ఏ రంగాల్లోని పండితులు నమ్ముతారో, అమెరికాలో ఆ రంగాల్లో పీహెచ్‌డీలు చేసే ఆడవాళ్లు తక్కువ. భౌతికశాస్త్రం, గణితం మాత్రమే కాదు, తత్వశాస్త్రం కూడా ఆ కోవలోనే ఉంది. ఆరేళ్లప్పుడు ఆట దగ్గర తగ్గిన ఆ అడుగే ఇరవై ఏళ్ల తర్వాత ఇలా తేలిందని ఎవరూ నిరూపించలేదు. రెండు ముక్కలూ ఒకే దిక్కు చూపిస్తున్నాయని మాత్రం అనొచ్చు.

పరువు సంగతి కూడా ఇంచుమించు ఇలాగే లోపలికి చేరుతుంది. లిబెన్, బిగ్లర్, హోలీ క్రోగ్ 2001లో ఒక తెలివైన పని చేశారు. లోకంలో లేని ఉద్యోగాల్ని కల్పించారు. ఎవరూ విననివి కాబట్టి వాటి మీద ఎవరికీ ముందే అభిప్రాయం ఉండదు. అదే ఉద్యోగాన్ని కొందరు పిల్లలకు మగవాళ్లు చేస్తున్నట్టు, కొందరికి ఆడవాళ్లు చేస్తున్నట్టు బొమ్మల్లో చూపించారు. పదకొండు పన్నెండేళ్ల పిల్లలు మగవాళ్లు చేస్తున్నప్పుడు ఆ ఉద్యోగం హోదా ఎక్కువన్నారు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల్లో ఈ తేడా రాలేదు. అంటే మధ్యలో ఆ నాలుగైదేళ్లలో పిల్లలు ఒక సూత్రం గ్రహించారు: పని ఏమిటన్నది కాదు, ఎవరు చేస్తున్నారన్నదాన్ని బట్టి దాని విలువ. ఎవరూ కూర్చోబెట్టి చెప్పి ఉండరు. వాళ్లు గ్రహించింది మరీ తప్పు కూడా కాదు. అమెరికాలో 1950 నుంచి 2000 వరకు జనాభా లెక్కల వివరాలతో చేసిన ఒక విశ్లేషణలో, ఒక వృత్తిలో ఆడవాళ్ల వాటా పెరిగాక అక్కడ జీతాల స్థాయి తగ్గుతూ వచ్చిందని తేలింది.

బొమ్మలు చెప్పేది, చెప్పనిది

ఈ విషయం మీద ఎక్కడ చర్చ జరిగినా పిల్లలు గీసిన శాస్త్రవేత్త బొమ్మల ప్రస్తావన వస్తుంది. డేవిడ్ చాంబర్స్ 1966 నుంచి 1977 వరకు 4,807 మంది పిల్లల చేత ‘ఒక శాస్త్రవేత్త బొమ్మ గీయండి’ అని గీయించాడు. 1983లో ఫలితాలు వెలువరించాడు. ఆ వేల బొమ్మల్లో ఆడ శాస్త్రవేత్తలు 28 మంది. ఆ 28 గీసినవాళ్లూ అమ్మాయిలే. ఒక్క అబ్బాయి కూడా గీయలేదు.

2018లో డేవిడ్ మిల్లర్ బృందం అయిదు దశాబ్దాల్లో అమెరికాలో జరిగిన ఇలాంటి 78 అధ్యయనాల్ని, 20,000 మందికి పైగా పిల్లల బొమ్మల్ని కలిపి చూసింది. 1985 తర్వాతి అధ్యయనాల్లో సగటున 28 శాతం బొమ్మలు ఆడ శాస్త్రవేత్తలవి. ఒక శాతం కూడా లేనిచోటి నుంచి ఇది పెద్ద మార్పే. కానీ వయసు ప్రకారం విడదీస్తే వేరే బొమ్మ కనిపిస్తుంది. ఆరేళ్ల అమ్మాయిలు గీసినవాటిలో 70 శాతం దాకా ఆడ శాస్త్రవేత్తలు. పదహారేళ్లకు వచ్చేసరికి అది 25 శాతానికి అటూ ఇటూగా పడిపోయింది. అబ్బాయిలు ఆరేళ్లకే ఎక్కువగా మగవాళ్లను గీస్తున్నారు, పదహారేళ్లకు దాదాపు అందరూ మగవాళ్లనే గీస్తున్నారు.

మరి వయసుతో ఉదారత పెరుగుతుందన్నాం కదా! ఇక్కడే మొదట చెప్పిన మూడు ముక్కల్ని గుర్తుంచుకోవాలి. బొమ్మ గీయమన్నప్పుడు చేతికి ముందుగా తగిలేది తెలిసిన సంగతి. ఎవరు శాస్త్రవేత్త కావచ్చు అని ఆ కాగితం అడగలేదు. శాస్త్రవేత్త అనగానే ఎవరు మెదిలారు అని అడిగింది. పదేళ్లపాటు పాఠ్యపుస్తకాలు, టీవీలు, చుట్టుపక్కల మనుషుల్ని చూసిన పదహారేళ్ల అమ్మాయి మగ శాస్త్రవేత్తను గీస్తే, అది ఆమె అభిప్రాయం కంటే ఆమె చూసిన లోకపు లెక్క. అదే ఆరేళ్ల పిల్ల గీసింది తనను. శాస్త్రవేత్తను గీయమంటే తనలాంటి మనిషినే గీసింది. ఈ రెండు బొమ్మల్నీ ఒకే కొలబద్దతో చూసి అమ్మాయిల్లో వివక్ష పెరిగిందని రాసిన వార్తలు నాకు చిరాకు తెప్పిస్తాయి. పెరిగింది పరిజ్ఞానం. ఆ పరిజ్ఞానం సొంత కోరికను ఎటు లాగుతుందన్నది వేరే ప్రశ్న, అసలు భయపడాల్సింది దాని గురించే.

ఆ ప్రశ్నకు సంబంధించి ఓఈసీడీ అనే దేశాల కూటమి వివిధ దేశాల విద్యార్థులకు పెట్టే పీసా పరీక్షల సమాచారం కొంత చెబుతుంది. 2018లో పదిహేనేళ్ల పిల్లల్ని ముప్ఫై ఏళ్లకు ఏ ఉద్యోగంలో ఉంటారనుకుంటున్నారని అడిగారు. 41 దేశాల్లో 47 శాతం అబ్బాయిలు, 53 శాతం అమ్మాయిలు చెప్పిన జవాబులు చెరో పది ఉద్యోగాల్లోనే సర్దుకున్నాయి. వేల రకాల పనులున్న ప్రపంచంలో సగం మంది పిల్లలకు కనిపిస్తున్నవి పదే. లెక్కల్లోనో సైన్సులోనో అగ్రశ్రేణిలో ఉన్న పిల్లల్ని వేరుచేసి చూస్తే, ఇంజినీరో శాస్త్రవేత్తో అవుతామన్న అబ్బాయిలు సుమారుగా నలుగురిలో ఒకరు, అమ్మాయిలు ఏడుగురిలో ఒకరు. ఇద్దరికీ మార్కులున్నాయి. కాబట్టి తేడా మార్కుల్లో వెతికితే దొరకదు.

అబ్బాయిల దారి ఇంకా ఇరుకు

ఈ చర్చంతా అమ్మాయిల చుట్టూనే తిరగడం నాకు మొదటినుంచీ సగం చర్చగానే అనిపిస్తుంది. ‘మగపని’ అనిపించుకున్న ఉద్యోగాల మీద అమ్మాయిలు చూపే ఆసక్తి కంటే, ‘ఆడపని’ అనిపించుకున్న వాటి మీద అబ్బాయిలు చూపే ఆసక్తి చాలా తక్కువ. చిన్నప్పటి ఆటబొమ్మల దగ్గర నుంచి కౌమారంలో ఉద్యోగాల దాకా ఈ అసమానత కనిపిస్తూనే ఉంటుంది. గడిచిన కొన్ని దశాబ్దాల్లో అమ్మాయిల కోరికలు విస్తరించాయి. డాక్టరు, లాయరు, మేనేజరు ఇప్పుడు చాలా దేశాల్లో అమ్మాయిల జాబితాల్లో పైనే ఉన్నాయి. నర్సు అవుతాననే అబ్బాయిలు, పసిపిల్లలకు పాఠాలు చెబుతాననే అబ్బాయిలు అప్పుడూ అరుదే, ఇప్పుడూ అరుదే.

కారణం హోదా లెక్కలో ఉంది. అమ్మాయి గీత దాటి అటు వెళితే మెట్టు ఎక్కినట్టు. నలుగురూ మెచ్చుకుంటారు, ‘మగపిల్లాడికి ఏమాత్రం తీసిపోదు’ అంటారు. అబ్బాయి గీత దాటి ఇటు వస్తే మెట్టు దిగినట్టు. అతన్ని మెచ్చుకోవడానికి ఆ మాటకు సరిజోడు మాటే లేదు. గీత దాటిన అబ్బాయిల్ని తోటి పిల్లలు అమ్మాయిలకంటే ఎక్కువగా ఆటపట్టిస్తారని, తండ్రులు ఎక్కువగా మందలిస్తారని ఆటల మీద వచ్చిన పరిశోధనలు ఏనాటినుంచో చెబుతున్నాయి. ఎనిమిదేళ్ల అబ్బాయి పసిపాపను ఎత్తుకుని ముద్దు చేస్తుంటే చుట్టూ ఉన్న పెద్దవాళ్ల మొహాలు చూడండి. నవ్వుతారు. కోపం కాదు, ముద్దుగానే నవ్వుతారు. ఇంకోసారి ఎత్తుకోకుండా ఉండటానికి ఆ పిల్లాడికి ఆ నవ్వు చాలు.

పుట్టుకా, పెంపకమా

ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది, కాబట్టి దాటవేయకుండా చెప్పుకుందాం. సగటు ఇష్టాల్లో తేడా ఉంది. 2009లో రాంగ్ సు, మరో ఇద్దరు కలిసి 5,00,000 మందికి పైగా జవాబుల్ని విశ్లేషిస్తే మగవాళ్ల మొగ్గు వస్తువులతో చేసే పనుల వైపు, ఆడవాళ్ల మొగ్గు మనుషులతో చేసే పనుల వైపు కనిపించింది. తేడా చిన్నదేమీ కాదు. పుట్టుకతో ఉండే ఒక అడ్రినల్ గ్రంథి లోపం వల్ల గర్భంలో ఆండ్రోజన్లనే మగ హార్మోన్ల ప్రభావానికి ఎక్కువగా లోనైన అమ్మాయిలు మగపనులుగా పేరుపడ్డ ఉద్యోగాల మీద మిగతా అమ్మాయిలకంటే ఎక్కువ ఆసక్తి చూపుతారని కూడా అధ్యయనాలున్నాయి. జీవశాస్త్రానికి ఇందులో పాత్రే లేదని కొట్టిపారేయడం కుదరదు.

కానీ మొగ్గు వేరు, ఏ ఉద్యోగం ఎవరిదన్న ముద్ర వేరు. ఆ ముద్ర ఒక తరంలోనే తిరగబడగలదు. అమెరికాలో తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్‌కు 1940లలో ప్రోగ్రాములు రాసినవాళ్లు ఆరుగురు మహిళలు. అప్పట్లో అది గుమాస్తా పనిలాంటిదని చిన్నచూపు చూశారు. అదే దేశంలో 1980ల మధ్యలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో ఆడవాళ్ల వాటా 37 శాతం దగ్గర ఉండేది, తర్వాత పాతికేళ్లలో 18 శాతానికి దిగజారింది. సోవియట్ యూనియన్‌లో డాక్టర్లలో అత్యధికులు మహిళలే. హార్మోన్లు ఇరవై ఏళ్లలో మారవు. కొత్త తరం పిల్లలు ఏ జాబితాలోంచి ఏం కొట్టేస్తున్నారో మారింది.

ఆ కొట్టివేతకు పెద్దవాళ్లు తెలియకుండానే చేతిలో పెన్సిలు పెడుతుంటారు. ఒక సైన్స్ మ్యూజియంలో తల్లిదండ్రులు పిల్లలతో ఏం మాట్లాడుతున్నారో రికార్డు చేస్తే, అది ఎలా పనిచేస్తుందో వివరించి చెప్పడం అమ్మాయిలకంటే అబ్బాయిలకు మూడు రెట్లు ఎక్కువని 2001లో కెవిన్ క్రౌలీ బృందం చూపించింది. చూపించి ఆడించడంలో తేడా లేదు. ‘ఎందుకంటే’ అన్న మాట దగ్గరే తేడా. అలిస్సా క్రాఫ్ట్ బృందం 2014లో ఏడు నుంచి పదమూడేళ్ల పిల్లలున్న కుటుంబాల్ని పరిశీలిస్తే మరో సంగతి బయటపడింది. ఇంటిపనిలో నిజంగా చేయి కలిపే తండ్రుల కూతుళ్లకు ఉద్యోగాల కోరికలు తక్కువ మూసగా ఉన్నాయి. తండ్రి సమానత్వం గురించి ఏం నమ్ముతాడన్నదాన్ని లెక్కలోంచి తీసేసినా, అతను ఏం చేస్తాడన్నదాని ప్రభావం మిగిలింది. గిన్నెలు కడగని తండ్రి ఎన్ని మంచి మాటలు చెప్పినా కూతురు గిన్నెలవైపే చూస్తోందన్నమాట.

ఏది పనిచేస్తోంది

మంచి ఉద్దేశంతో చెప్పే మాటలు కొన్ని ఎదురుతిరుగుతాయి. ‘లెక్కల్లో అమ్మాయిలు అబ్బాయిలంత బాగా చేయగలరు’ అనే వాక్యం వినడానికి సమానత్వమే. కానీ 2018లో ఎలెనోర్ చెస్ట్‌నట్, ఎలెన్ మార్క్‌మన్ పెద్దవాళ్ల మీద పరీక్షిస్తే, ఆ వాక్యం విన్నవాళ్లు అబ్బాయిలకే సహజ ప్రతిభ ఎక్కువని అనుకున్నారు. ఎవరితో పోల్చామో వాళ్లే ప్రమాణం అయిపోతారు. ‘ఇద్దరూ బాగా చేస్తారు’ అంటే ఆ తలనొప్పి లేదు.

ఇంకా పనికొచ్చే ఫలితం మార్జరీ రోడ్స్ బృందం 2019లో ఇచ్చింది. నాలుగు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో కొందరికి ‘ఈరోజు మనం శాస్త్రవేత్తలం అవుదాం’ అని, కొందరికి ‘ఈరోజు మనం సైన్స్ చేద్దాం’ అని చెప్పి ఆట మొదలుపెట్టారు. ‘చేద్దాం’ అన్నప్పుడు అమ్మాయిలు ఎక్కువసేపు పట్టుదలగా ఆడారు. ‘అవుదాం’ అన్నప్పుడు, నేను ఆ కోవకు చెందిన మనిషినేనా అన్న ప్రశ్న తోసుకొస్తుంది. పిల్లలతో మాట కలపడానికి మనం వేసే మొదటి ప్రశ్న ‘పెద్దయ్యాక ఏమవుతావు?’ కదా. దానికి జవాబివ్వాలంటే పిల్లలు ముందు ఆ మనుషుల్ని ఊహించుకోవాలి, తర్వాత తమను వాళ్ల పక్కన నిలబెట్టి చూసుకోవాలి. ‘ఏం చేస్తుంటే నీకు టైమే తెలియదు?’ అని అడిగితే ఆ అవస్థ ఉండదు.

బడిలో చేసిన వాటిలో బిగ్లర్, లిబెన్ 1990 ప్రాంతంలో చేసిన ప్రయత్నం నాకు ఎక్కువ నచ్చుతుంది. వాళ్లు ఆదర్శ మహిళల బొమ్మలు గోడకు తగిలించలేదు. పిల్లలకు ఒక నియమం నేర్పి, సాధన చేయించారు: ఒక పని ఎవరు చేయగలరో తేల్చడానికి చూడాల్సినవి రెండే, ఆ పని ఇష్టమా, దానికి కావాల్సిన నేర్పు ఉందా. ఆడా మగా అన్నది ఆ రెండింట్లోనూ లేదు. అలా సాధన చేసిన పిల్లలు తీర్పుల్లో మెరుగయ్యారు. అంతకుమించి, మూసకు విరుద్ధంగా ఉన్న కథల్ని చెప్పినప్పుడు వాటిని తారుమారు చేయకుండా గుర్తుపెట్టుకోగలిగారు. తర్కం మారాకే కళ్లముందు ఉదాహరణ కూడా నిలిచింది.

కళ్లముందు ఎంతకాలం ఉండాలన్నదానికి ఒక పెద్ద ఉదాహరణ మన దేశంలోనే ఉంది. 1993 నాటి రాజ్యాంగ సవరణతో గ్రామ పంచాయతీల్లో మహిళలకు అధ్యక్ష పదవుల రిజర్వేషన్ వచ్చింది. ఏ ఊరికి వస్తుందన్నది వంతుల మీద, ఎవరి ఇష్టంతోనూ పని లేకుండా తేలేది కాబట్టి పరిశోధకులకు పోల్చి చూసే వీలు చిక్కింది. లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో, రోహిణి పాండే, పెటియా టొపలోవా పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో 495 గ్రామాల్ని అధ్యయనం చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. రెండు ఎన్నికల్లోనూ మహిళకే రిజర్వయిన ఊళ్లలో, ఎప్పుడూ రిజర్వు కాని ఊళ్లతో పోలిస్తే, 11 నుంచి 15 ఏళ్ల అమ్మాయిల, అబ్బాయిల ఆశల మధ్య అంతరం 32 శాతం తగ్గింది. తల్లిదండ్రులు తమ పిల్లల మీద పెట్టుకున్న ఆశల్లో అంతరం 25 శాతం తగ్గింది. చదువులో అంతరం పూర్తిగా చెరిగిపోయింది. అమ్మాయిలు ఇంటిపనికి పెట్టే సమయం కూడా తగ్గింది. ఒక్కసారే రిజర్వయిన ఊళ్లలో ఇంత స్పష్టమైన ఫలితం రాలేదు. ఒక్క మనిషిని చూస్తే ‘ఆవిడ వేరు’ అని పక్కకు పెట్టేస్తారు, వరుసగా చూస్తే పక్కకు పెట్టడం కష్టం.

అబ్బాయిల కోసం ఇంత పెద్ద ఎత్తున చేసిన ప్రయోగం చెప్పమంటే నా దగ్గర లేదు. కార్యక్రమాలు, స్కాలర్‌షిప్పులు, వర్క్‌షాపులు దాదాపు అన్నీ అమ్మాయిల్ని సైన్సు వైపు, సాంకేతిక రంగాల వైపు తీసుకెళ్లడానికే ఉన్నాయి. వృద్ధుల సంరక్షణ, నర్సింగ్, చిన్న తరగతుల బోధన లాంటి రంగాలకు మనుషులు చాలని దేశాలు చాలా ఉన్నాయి. ఎనిమిదేళ్లకే వాటిని జాబితాలోంచి కొట్టేసిన అబ్బాయిలే ఆ దేశాల్లో సగం మంది పిల్లలు.